మీ చేతికి సరిపడే పిస్టల్ ఏది?

ప్రశ్న: మాది హ్యూస్టన్ పక్కన కేటీ. నేనూ మా ఆడపడుచూ కలిసి చిన్న ఫార్మసీ నడుపుతున్నాం. రాత్రి తొమ్మిదికి తలుపులు వేసి కారు దాకా ఒక్కదాన్నే నడవాలి. పోయినేడు నా పుట్టినరోజుకి మావారు రూగర్ ఎల్‌సీపీ అనే బుల్లి పిస్టల్ కొనిచ్చారు. రెండుసార్లు రేంజ్‌కి, అంటే కాల్పుల సాధన చేసే చోటికి, వెళ్ళాను. పది తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదలు వాచింది. ఏడు గజాల దూరంలో కూడా సగం తూటాలు కాగితానికి తగల్లేదు. తూటా లోపలికెక్కించడానికి పిస్టల్ పైభాగాన్ని, అంటే స్లైడ్‌ని, వెనక్కి లాగడమైతే నా వల్ల కావడం లేదు. వేరేది కొందామని షాపుకి వెళితే అక్కడి అబ్బాయి “ఆడవాళ్ళకి చిన్న రివాల్వరే మంచిది, లాగే పనే ఉండదు” అన్నాడు. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఎక్కువగా చుడీదార్లే వేసుకుంటాను. ఏం కొనమంటారు?

జవాబు: అమ్మా, మీ చేతిలో లోపమేమీ లేదు. శనివారం పొద్దున నేను చెప్పే పిస్టల్ లైసెన్సు క్లాసుకి వచ్చే మన ఆడపిల్లల్లో చాలామంది ఇదే మాట అంటారు, వాళ్ళ సంచుల్లోనూ ఇలాంటి పిస్టలే ఉంటుంది. కొనిచ్చిన భర్తలు ప్రేమతోనే కొనిచ్చారు. చిన్న చేతికి చిన్న పిస్టల్ అనుకున్నారు. అక్కడే పొరపాటు జరిగింది.

ఎల్‌సీపీ బరువు పది ఔన్సుల లోపే, అంటే పావుకిలో కన్నా కాస్త ఎక్కువ. తూటా ముందుకి దూసుకెళితే పిస్టల్ వెనక్కి తంతుంది. ఆ తన్నుని మింగాల్సింది పిస్టల్ బరువు. బరువు లేకపోతే మీ బొటనవేలి మొదలే మింగాలి. పైగా ఆ పిడి మీద రెండు వేళ్ళే పడతాయి, చిటికెన వేలు గాలిలో ఉంటుంది. రెండు వేళ్ళతో పట్టుకున్నది ప్రతి తూటాకీ చేతిలో కదులుతుంది. జేబులో పడేటంత చిన్న పిస్టళ్ళని బాగా అలవాటైన చేతులు రెండో పిస్టల్‌గా పెట్టుకుంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అంత కష్టమైనది ఇంకోటి లేదు.

షాపు అబ్బాయి చెప్పిన రివాల్వర్ సంగతి. అతను చూపించింది బహుశా స్మిత్ అండ్ వెస్సన్ 642 లాంటిదై ఉంటుంది. అయిదు తూటాలు, రెండంగుళాల లోపు గొట్టం, పదిహేను ఔన్సుల బరువు. లాగే స్లైడ్ లేదన్నది నిజమే. కానీ ట్రిగ్గర్ నొక్కడానికి దాదాపు పన్నెండు పౌండ్ల బలం కావాలి, అంటే అయిదు కిలోల పైమాట. అరకిలో కూడా లేని వస్తువు మీద ఒక్క వేలితో అయిదు కిలోల బలం పెడుతుంటే గొట్టం చివర కుదురుగా ఉంటుందా? 1997లో నా కొట్లో దొంగలు పడ్డాక నేను కొన్నది అలాంటి రివాల్వరే. మొదటిరోజు ఇరవై తూటాలు కాల్చాను, చెయ్యి మండిపోయింది. ఆ తర్వాత మూడేళ్ళు దాన్ని రేంజ్‌కి తీసుకెళ్ళలేదు. రోజూ నడుముకి మాత్రం పెట్టుకున్నాను. ఆ మూడేళ్ళలో అవసరం పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. సాధన చెయ్యాలనిపించని ఆయుధాన్ని ఒంటి మీద పెట్టుకుని తిరగకూడదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మీ విషయం. కొనే ముందు అద్దెకి పిస్టళ్ళిచ్చే రేంజ్‌కి వెళ్ళండి. మూడు అడగండి: సిగ్ పీ365, గ్లాక్ 43ఎక్స్, స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజెడ్ .380. మొదటి రెండూ 9 ఎంఎం తూటాలవి, మ్యాగజైన్‌లో (పిడిలో తూటాలు నింపి పెట్టే డబ్బాలో) పదేసి తూటాలు. మూడోది .380 అనే కాస్త తక్కువ జోరున్న తూటాలది, ఎనిమిది పడతాయి. దాని స్లైడ్ స్ప్రింగ్‌ని చేతిబలం తక్కువున్నవాళ్ళ కోసమే మెత్తగా చేశారు. ఒక్కోదానితో ముప్ఫై తూటాలు కాల్చండి. పిడిని వీలైనంత పైకి పట్టుకోండి. మూడు వేళ్ళూ పిడి మీద పడుతున్నాయా, పట్టు సడలించకుండానే చూపుడువేలి మెత్తటి భాగం ట్రిగ్గర్‌కి అందుతోందా చూసుకోండి. ముప్ఫై అయ్యాక ఇంకో ముప్ఫై కాల్చాలని ఏది చేతిలో ఉన్నప్పుడు అనిపిస్తే అదే మీది.

స్లైడ్ సంగతి కూడా అక్కడే తేలిపోతుంది. మీరు బహుశా చేతులు చాచి వేళ్ళ కొసలతో వెనక్కి లాగుతున్నారు. బావిలో చేద తోడేటప్పుడు చేతులు చాచి లాగితే ఎంత బరువో, ఒంటికి దగ్గరగా లాగితే ఎంత తేలికో మీ అమ్మగారినడిగితే చెబుతారు. పిస్టల్‌ని గుండె దగ్గరకి తెచ్చుకోండి. గొట్టం టార్గెట్ వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉండాలి. ఎడమ అరచేత్తో స్లైడ్‌ని పైనుంచి నిండుగా పట్టుకుని కదలనివ్వకుండా ఉంచి, కుడిచేత్తో పిడిని ముందుకి ఒక్కసారిగా తొయ్యండి. లాగడం కాదు, తొయ్యడం. క్లాసులో పదిమంది నా వల్ల కాదంటే, ఈ ఒక్క మార్పుతో ఏడెనిమిది మందికి వచ్చేస్తుంది.

వచ్చేస్తే 9 ఎంఎం కొనండి. తూటా చవక కాబట్టి సాధన ఎక్కువ చేస్తారు. ఆత్మరక్షణకి వాడే హాలోపాయింట్ తూటా (కొస గుల్లగా ఉండి, తగిలాక విచ్చుకునేది) పరీక్షకి వాడే జెల్లీలో కనీసం పన్నెండు అంగుళాల లోతు దిగాలని ఎఫ్‌బీఐ పెట్టుకున్న కొలత. 9 ఎంఎంలో మంచి తూటాలు దాన్ని సులువుగా అందుకుంటాయి, .380లో చాలావాటికి కష్టమవుతుంది. అయినా 9 ఎంఎం మీకు కుదరకపోతే ఈజెడ్ .380 తీసుకోండి, మనసులో వెలితి పెట్టుకోవద్దు. తగిలిన .380 తగలని 9 ఎంఎం కన్నా మేలు.

బట్టల గురించి చెప్పినందుకు సంతోషం. చుడీదార్ బొందు పిస్టల్ బరువు మొయ్యదు, నడుస్తుంటే కిందికి జారుతుంది. కుర్తా కింద నడుముకి విడిగా గట్టి బెల్టు పెట్టుకుని దానికి హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) తగిలించుకోవచ్చు. లేదా పొట్టచుట్టూ కట్టుకునే వెడల్పాటి సాగే పట్టీ వాడొచ్చు. పట్టీ అయితే లోపల గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉండి ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పి తీరాలి. ఉట్టి గుడ్డలో దోపుకుంటే గుడ్డ మీదనుంచే ట్రిగ్గర్ నొక్కుకోవచ్చు. పక్క చీలికలున్న కుర్తా అయితే ఎత్తి తియ్యడం తేలిక. చీర కట్టిన రోజు మాత్రం నాకు తెలిసి సరైన దారి లేదు. కుచ్చిళ్ళూ పైటా సర్దుకుని తీసే లోపల అయ్యేదేదో అయిపోతుంది. ఆ రోజు పిస్టల్‌ని ఇంట్లో తాళం వేసి ఉంచండి.

హ్యాండ్‌బ్యాగ్ మాత్రం వద్దు. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలోని హేడెన్‌లో ఒక పెద్ద దుకాణంలో, తల్లి సంచిలోని పిస్టల్‌ని రెండేళ్ళ కొడుకు బయటికి లాగాడు. తూటా తగిలి తల్లి అక్కడే చనిపోయింది. ఆమెకి లైసెన్సుంది, పిస్టల్ పెట్టడానికి ప్రత్యేకంగా కుట్టిన సంచే అది. సంచిని మనం ఎక్కడో ఒకచోట దించుతాం. నడుముని దించలేం.

పిస్టల్‌కి నాలుగైదువందల డాలర్లు పెడితే, ఇంకో అంత హోల్‌స్టర్‌కీ బెల్టుకీ తూటాలకీ ఒక మంచి క్లాసుకీ పక్కన పెట్టుకోండి. కొన్నాక రెండువందల తూటాలు, అందులో రోజూ పెట్టుకోబోయే రకం ఓ యాభై, ఎక్కడా ఇరుక్కోకుండా కాలితేనే ఒంటి మీదకి తెచ్చుకోండి. హోల్‌స్టర్‌లో తిరిగి పెట్టేటప్పుడు ఎప్పుడూ తొందరపడకండి. తీసేటప్పుడు తొందర ఉండొచ్చేమో, పెట్టేటప్పుడు ఎవరూ తరమడం లేదు. కుర్తా అంచు ట్రిగ్గర్ దగ్గర మడతపడి పేలి తొడలో తూటా దిగిన కథలు మా వాళ్ళందరికీ తెలుసు.

ఒక మాట, ఇది అన్నగా చెబుతున్నాను. ఫార్మసీకొచ్చే దొంగకి కావాల్సింది మత్తుమాత్రలు. అడిగితే ఇచ్చెయ్యండి. వాకిట్లో దీపం బాగా వెలగాలి, తలుపులు వేసేటప్పుడు ఇద్దరుండాలి, కారు తలుపుకి దగ్గరగా ఆపుకోవాలి. పిస్టల్ మందుల కోసం కాదు, గల్లా కోసం కాదు. పారిపోయే దారి లేక ప్రాణం మీదకి వచ్చినప్పటి కోసం మాత్రమే.

ప్రశ్న: ఫ్రిస్కోలో ఉంటాను. గ్రీన్‌కార్డు పోయిన నెలే వచ్చింది. మొదటి పిస్టల్ కొనాలి. గ్లాక్ 19 పెద్దదని, చొక్కా కింద దాగదని స్నేహితులంటున్నారు. నా ఎత్తు అయిదడుగుల పదకొండు. టెక్సస్‌లో లైసెన్సే అక్కర్లేదంటున్నారు కదా, తీసుకోవాలా?

జవాబు: గ్లాక్ 19నే తీసుకోండి. 1988 నుంచీ ఉన్న మోడల్, పదిహేను తూటాలు, హోల్‌స్టర్లూ విడిభాగాలూ ఎక్కడైనా దొరుకుతాయి. చొక్కా మీద ఉబ్బుగా కనబడేది గొట్టం కాదు, పిడి. గొట్టం ప్యాంటులోపలికి పోతుంది, పిడి వెనక్కి పొడుచుకొస్తుంది. పిడిని ఒంటివైపు నొక్కి ఉంచే చిన్న రెక్క ఉన్న హోల్‌స్టర్, వంగని బెల్టు పెట్టుకుంటే మీ ఒడ్డుకి 19 బాగానే దాగుతుంది. ఆఫీసుకి చొక్కా టక్ చేస్తేనే చిక్కు, అప్పుడు పైన చెప్పిన గ్లాక్ 43ఎక్స్ ఆలోచించండి. అయితే ఆఫీసులో అనుమతుందో లేదో ముందు కంపెనీ నియమాలు చదవండి. కారులో వదిలి వెళ్ళడం అలవాటు చేసుకోకండి. దొంగల చేతికి చేరే పిస్టళ్ళలో కార్లలోంచి పోయేవి చాలా ఎక్కువ. తప్పనిసరైతే సీటు కింద ఇనుప తీగతో కట్టేసిన చిన్న పెట్టెలో పెట్టండి.

కొనేటప్పుడు 4473 అనే ఫారం నింపాలి. గ్రీన్‌కార్డు మీద ఉండే ‘ఎ-నంబర్’ (A-Number) అక్కడ అడుగుతారు, కార్డు వెంట తీసుకెళ్ళండి. డబ్బు స్నేహితుడిది, పేరు మీది అనే పని ఎవరి కోసమూ చెయ్యకండి. అది ఫెడరల్ నేరం, అంటే అమెరికా కేంద్ర చట్టం కింద నేరం.

లైసెన్సు తీసుకోండి. 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టం అడ్డుపడనివాళ్ళు లైసెన్సు లేకుండానే పెట్టుకు తిరగొచ్చన్నది నిజమే. కానీ బడికి వెయ్యి అడుగుల లోపల పిస్టల్‌తో ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపుంది. పొద్దున్నే పిల్లల్ని బడి దగ్గర దింపే నాన్నకి ఇది చిన్న విషయం కాదు. ఫీజు నలభై డాలర్లు. పరీక్షలో యాభై తూటాలు: మూడు గజాల నుంచి ఇరవై, ఏడు నుంచి ఇరవై, పదిహేను నుంచి పది. 250 మార్కులకి 175 రావాలి. అది దాటలేనివాళ్ళు జనంలోకి పిస్టల్‌తో వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం, చట్టం వెళ్ళనిచ్చినా సరే. ఇంకోటి, ఎడిసన్‌లో బంధువులుంటే అక్కడికి పట్టుకెళ్ళకండి. టెక్సస్ లైసెన్సు న్యూజెర్సీలో చెల్లదు.

ప్రశ్న: నేను ఎఫ్1 వీసా మీద ఎమ్మెస్ చదువుతున్నాను. తెలిసిన అంకుల్ గ్యాస్ స్టేషన్‌లో రాత్రిళ్ళు కూర్చుంటున్నాను. కౌంటర్ కింద గన్ ఉంది, అవసరమైతే తియ్యమన్నారు. నేనే ఒకటి కొనుక్కోవడం మంచిదా?

జవాబు: బాబూ, కొనొద్దు, కౌంటర్ కిందది ముట్టుకోవద్దు. ఎఫ్1, హెచ్1బి, హెచ్4, ఎల్1, విజిటర్ వీసా, ఏదైనా సరే, ఈ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. 2022లో శిక్షని పదిహేనేళ్ళ దాకా పెంచారు. టెక్సస్‌లో లైసెన్సు అక్కర్లేదన్న మాట నీకు వర్తించదు. తెలిసీ నీ చేతికిచ్చిన ఆ అంకుల్‌దీ నేరమే. వేట లైసెన్సున్నవాళ్ళకి ఒక మినహాయింపుంది. దాన్ని ఆధారం చేసుకోవాలనుకుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఫీజు కట్టి రాతపూర్వకంగా సలహా తీసుకో. స్నేహితుడి మాట విని చెయ్యకు.

అంతకన్నా ముఖ్యమైన మాట. ఆ రాత్రి ఉద్యోగం మానెయ్. క్యాంపస్ బయట అనుమతి లేని పనితో వీసాకే ముప్పు, అది నీకూ తెలుసు. గ్యాస్ స్టేషన్లలో కాల్పులకి పోయిన మన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ శవపేటికలు ఊరు చేరేదాకా ఇక్కడ చందాలు పోగుచేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మానేసే లోపల ఎవరైనా పిస్టల్ చూపిస్తే రెండు చేతులూ కనబడేలా పెట్టు, గల్లా తెరిచి ఇచ్చెయ్, మొహంలోకి తేరిపార చూడకు. గల్లాలో ఉండేది ఓ రెండొందలు. నీకోసం ఎదురుచూసే ఇల్లు దానికన్నా ఎంతో పెద్దది.

ప్రశ్న: తెనాలి నుంచి మా అత్తమామలు ఆరునెలలకి వచ్చారు. మాకు ఏడేళ్ళ బాబు. పిస్టల్‌ని బట్టల అలమరలో పైఅరలో పెట్టి తాళం వేస్తున్నాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. తాళంచెవి ఎక్కడుంటుందో పిల్లలకి మనకన్నా ముందే తెలుస్తుంది. నంబర్ల మీట నొక్కితే తెరుచుకునే చిన్న ఇనుప పెట్టె కొని, మంచం పక్కన గోడకో బల్లకో బోల్టులతో బిగించండి. పిస్టల్ మీ ఒంటి మీదైనా ఉండాలి, ఆ పెట్టెలోనైనా ఉండాలి. మూడోచోటు లేదు. పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా వదిలితే టెక్సస్‌లో కేసు పెట్టొచ్చు.

పెట్టె నంబరు అత్తమామలకి చెప్పకండి. వాళ్ళది విజిటర్ వీసా. ఇందాక ఆ పిల్లాడికి చెప్పిన చట్టం వాళ్ళకీ వర్తిస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా హెచ్4 ఉన్నా ఇదే మాట.

మీరడగని సంగతి ఒకటి చెప్పాలి. అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయిందనో, వీసా తిరగబెట్టారనో, ఇంకేదైనా కారణంతోనో ఇంట్లో ఒకరి మనసు బాగోలేదనిపిస్తే, ఆ రోజే పిస్టల్‌ని ఇంట్లోంచి తీసెయ్యండి. చట్టప్రకారం ఉంచుకోగల స్నేహితుడి దగ్గరో, ఒప్పుకునే రేంజ్‌లోనో పెట్టండి. మా క్లాసులో కూర్చున్న ఒకాయన ఇలాగే పెట్టెని నా దగ్గరికి తెచ్చి “మూడునెలలు ఉంచన్నా” అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. భోజనం పెట్టి, రోజూ ఫోన్ చేశాను. ఆత్మహత్య ఆలోచనలొచ్చినవాళ్ళకి సాయం చేసే 988 నంబరుకి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు.

ప్రశ్న: గుడికి పిస్టల్‌తో వెళ్ళొచ్చా?

జవాబు: గుడివాళ్ళు వద్దని చట్టం చెప్పిన తీరులో బోర్డు పెడితే కుదరదు. పెట్టకపోతే టెక్సస్ చట్టం అడ్డుపడదు, 2019లో దీన్ని స్పష్టం చేశారు. కానీ గుళ్ళో సాష్టాంగపడతాం, వంగుతాం, పిల్లలు వచ్చి నడుము పట్టుకుంటారు. నేనైతే కమిటీతో ముందు మాట్లాడి, వాళ్ళు కాపలాకి ఎవర్ని పెట్టుకున్నారో తెలుసుకుంటాను. కాపలా ఉంటే మామూలుగానే వెళతాను.

ప్రశ్న: వచ్చే నెల హైదరాబాద్ వెళ్తున్నాం. గన్ సంగతి ఏమైనా జాగ్రత్త తీసుకోవాలా?

జవాబు: గన్ మీరెలాగూ తీసుకెళ్ళరు. సంచి సంగతి చూసుకోండి. రేంజ్‌కి తీసుకెళ్ళే సంచిని ఊరికి తీసుకెళ్ళే సంచిగా ఎప్పుడూ వాడకండి. 9 ఎంఎం మన దేశంలో మామూలు పౌరులకి లైసెన్సివ్వని తరహా. ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు. నాకు తెలిసినవాళ్ళబ్బాయి తిరుగు ప్రయాణంలో సంచి పక్కజేబులో మర్చిపోయిన ఒకే ఒక్క తూటాతో విమానం తప్పిపోయి, లాయర్ల చుట్టూ తిరిగి, సెలవులన్నీ అక్కడే అయిపోగొట్టుకున్నాడు. ఇప్పుడే వెళ్ళి సంచి బోర్లించి దులపండి. జాకెట్ జేబులూ, పిల్లల బ్యాక్‌ప్యాక్ అడుగూ కూడా చూడండి.